మేలో నేపాల్ మిషన్ ట్రిప్: ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఎలా మెలగాలి?

పలకాబలపం (గుంటూరు), ఏప్రిల్ 9

అందరికీ వందనాలు. నేను స్కూల్ టీచర్‌ని. మా సంఘం నుంచి పదకొండు మందిమి మే రెండో వారంలో నేపాల్ వెళ్తున్నాం. సింధుపాల్చోక్ జిల్లాలో కొండమీద ఒక చిన్న సంఘం ఉంది. అక్కడి పాస్టర్‌గారు, మా అయ్యగారు (మా సంఘం పాస్టర్) ఒకే బైబిల్ కాలేజీలో చదువుకున్నారు. ఆయనే రమ్మని పిలిచారు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు నేపాల్‌లో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు పోయింది ఆ జిల్లాలోనే.

ఎనిమిది రోజుల ప్రోగ్రాం. పిల్లలతో ఆటలు పాటలు, ఇళ్ళకు వెళ్ళి పలకరించడం, నలభై దుప్పట్ల పంపిణీ, ఒకరోజు మెడికల్ క్యాంపు అనుకుంటున్నాం. మా టీంలో ఇంతవరకు ఎవరమూ దేశం దాటలేదు.

నాకు ఒకటే టెన్షన్. ప్రేమ చూపించడానికి వెళ్తున్నాం అంటున్నాం. వాళ్ళ భాష రాదు, వాళ్ళ కష్టం ఏంటో తెలియదు. ఏదో ఒకటి చేతిలో పెట్టి వచ్చేస్తే అది ప్రేమ అవుతుందా? అన్యుల మధ్య ఎలా ఉండాలి, ఏం చేయకూడదు? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

హిమగిరి, ఏప్రిల్ 9

చెల్లీ, నేను ఉద్యోగరీత్యా కాఠ్మాండూలో నాలుగేళ్ళు ఉన్నాను. ముందు ప్రయాణం సంగతి. మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, పెద్దవాళ్ళకి ఆధార్ చెల్లదు. 65 దాటినవాళ్ళకీ, 15 లోపు పిల్లలకీ మాత్రమే ఆ సడలింపు. రైల్లో అయితే విజయవాడలో రాప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, సోనౌలీ దగ్గర బోర్డర్ దాటి బస్సు పట్టుకోవచ్చు. మే నెలలో స్లీపర్ అంటే ఉడికిపోతారు, పెద్దవాళ్ళుంటే ఆలోచించుకోండి. మన వంద రూపాయలకి అక్కడ 160 వస్తాయి, ఆ లెక్క మారదు.

నేపాల్లో వారాంతపు సెలవు శనివారం. ఆరాధన కూడా శనివారమే. చెప్పులు బయట విడిచి నేలమీద కూర్చుంటారు, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. పాటలకి మాదల్ అని చిన్న మద్దెల వాయిస్తారు. విశ్వాసులు "జయ్ మసీహ్" అని పలకరించుకుంటారు, మిగతావాళ్ళకి నమస్తే చెప్పండి.

ఎవరైనా ఏదైనా ఇస్తే కుడిచేత్తో తీసుకుని, ఎడమ చేయి కుడి మోచేతికి ఆనించండి. ఎంగిలి పట్టింపు మన పెద్దవాళ్ళకి ఉన్నట్టే ఉంటుంది, సీసాకి మూతి తగలకుండా ఎత్తిపోసుకుని తాగండి. భోజనం అంటే పప్పూ అన్నమే, పొద్దున పదింటికోసారి, రాత్రికోసారి. కంచం ఖాళీ అయ్యే కొద్దీ వడ్డిస్తూనే ఉంటారు. "పుగ్యో" అంటే చాలు అని. ఆ మాట రాకపోతే లేవలేరు.

చదువరి, ఏప్రిల్ 10

టీచర్ గారూ, నేను క్రైస్తవుణ్ణి కాదు. మీ పోస్టులో మంచి మనసు కనిపించింది కాబట్టి రాస్తున్నా. రెండు విషయాలు.

"అన్యులు" అన్నారు. మీ సంఘంలో అది మామూలు మాట కావచ్చు. చదివే నాకు మాత్రం గడప బయట నిలబెట్టినట్టు అనిపించింది. నేపాల్లో నూటికి తొంభై ఎనిమిది మంది క్రైస్తవులు కానివాళ్ళే. 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1.76 శాతం. మీకు అన్నం పెట్టేవాళ్ళని, దారి చెప్పేవాళ్ళని ఆ మాటతో తలుచుకుంటూ వెళ్తే అది మొహంలో కనబడిపోతుంది.

రెండోది చట్టం. అక్కడి రాజ్యాంగంలోనే మతం మార్పించడం మీద నిషేధం ఉంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్ ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం దాటిస్తారు. అందుకే అడుగుతున్నా, కోపం తెచ్చుకోకండి: ఆ నలభై దుప్పట్లు దయా, ఎరా?

పలకాబలపం, ఏప్రిల్ 10

చదువరి గారూ, ఆ మాట అలవాటుగా రాసేశాను. తప్పు నాదే, క్షమించండి. మీ ప్రశ్న మా టీం కూడికలో చదివి వినిపించాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కాపరికర్ర, ఏప్రిల్ 11

సిస్టర్, క్షమాపణ దాకా ఎందుకు? మిషన్ ట్రిప్ అంటేనే సువార్త. అన్నం పెట్టడం, బట్టలివ్వడం ఏ స్వచ్ఛంద సంస్థ అయినా చేస్తుంది. మనం ఎందుకు వచ్చామో చెప్పకుండా తిరిగొస్తే మన ప్రభువు పేరు దాచుకున్నట్టే కదా. నేను పదిహేనేళ్ళుగా పరిచర్యలో ఉన్నాను. చట్టానికి భయపడి నోరు మూసుకోవడం నాకు మింగుడుపడదు.

హిమగిరి, ఏప్రిల్ 11

అన్నా, మీ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. ఒక్క సంగతి ఆలోచించండి. మనం ఎనిమిది రోజులకి బస్సెక్కి వచ్చేస్తాం. తొమ్మిదో రోజు పోలీస్ స్టేషన్‌కి ఎవర్ని పిలుస్తారు? అక్కడి పాస్టర్‌నే. పక్కింటివాళ్ళ దగ్గర మాట పడేది ఆయన భార్యా పిల్లలే. మన ధైర్యానికి వాళ్ళు మూల్యం కట్టకూడదు. ఎవరైనా ఎందుకొచ్చారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. అడగనివాళ్ళ చేతిలో కరపత్రం పెట్టకూడదు.

నేనున్న ఇల్లు కాఠ్మాండూ పక్కనే ఉన్న పాటన్ ఆసుపత్రికి దగ్గర. దాని వెనక కథ తెలుసుకున్నాక నా ఆలోచన మారింది. ముస్సోరీ వుడ్‌స్టాక్ స్కూల్లో రాబర్ట్ ఫ్లెమింగ్ అనే టీచర్ ఉండేవారు. 1949లో ఆయన నేపాల్ వెళ్ళింది పక్షుల్ని పరిశీలించడానికి. తర్వాతి ప్రయాణాల్లో డాక్టర్లు వెంట ఉండటంతో కొండ ఊరు తాన్సేన్‌లో రోగులు తమంతట తామే వచ్చారు, ఇక్కడ ఆసుపత్రి పెట్టండి అని ఊరివాళ్ళే అడిగారు. ప్రభుత్వం అనుమతిచ్చాక 1954 మార్చిలో మన నాగపూర్‌లోనే యునైటెడ్ మిషన్ టు నేపాల్ అనే క్రైస్తవ సేవా సంస్థ ఏర్పడింది. ఫ్లెమింగ్ గారి భార్య బెతెల్ డాక్టరు. ఆవిడ కాఠ్మాండూ లోయలో మొదలుపెట్టిన పనే శాంతభవన్ ఆసుపత్రి అయింది, పాటన్ ఆసుపత్రి దానికి వారసురాలు. తాన్సేన్ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. అడిగింది ఇచ్చారు, అడిగినచోట ఉండిపోయారు.

గుండ్లకమ్మ, ఏప్రిల్ 12

అమ్మాయ్, మాది ఒంగోలు పక్కన. చదువరి గారు అడిగిన ప్రశ్న మా వైపు నూట నలభై ఏళ్ళకు పైగా నలుగుతున్నదే.

1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో మహా కరువు. ఒంగోలులో జాన్ క్లౌ అని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు, మా తాతలు క్లౌ దొర అనేవాళ్ళు. ఆయనకి సర్వే పని వచ్చు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి పలుగూ పారా ఇచ్చి, పనికి కూలి కట్టి ఇచ్చాడు. గంజి పోసి పొమ్మనలేదు, పని ఇచ్చాడు. అదే మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో పని కూడా చేశాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. మీరు వచ్చేది కూటికోసమా, దేవుడికోసమా అన్నది నాకూ తెలియాలి, మీకూ తెలియాలి అని. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అయినా కూటికోసం మతంలో కలిశారన్న నింద తప్పలేదు, అది వేరే సంగతి. కాపరికర్ర బాబూ, ఆయన నోరు మూసుకోలేదు. అన్నం పెట్టే చేత్తో అడగకూడదనుకున్నాడు, అంతే.

కాపరికర్ర, ఏప్రిల్ 12

పెద్దాయనా, ఈ సంగతి నాకు తెలియదు. తెలియజేసినందుకు వందనాలు. నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. ఆలోచిస్తాను.

వార్డు నంబర్ ఆరు (విజయవాడ), ఏప్రిల్ 13

నేను నర్సుని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మెడికల్ క్యాంపు అనగానే రాయకుండా ఉండలేకపోయాను.

అమ్మా, ఒక్కరోజు క్యాంపులో బీపీ చూసి పది బిళ్ళలు ఇచ్చి వచ్చేస్తే పదకొండో రోజు ఆ మనిషి ఏం చేయాలి? బీపీ మందు మొదలుపెడితే మానకూడదు. మీరు వెళ్ళిపోయాక అది కొనడానికి కొండ దిగాలి. విదేశీ డాక్టర్లు అక్కడ వైద్యం చేయాలంటే నేపాల్ మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మీ టీంలో డాక్టర్ ఉన్నా సరే, అది లేకుండా స్టెతస్కోపు తీయకూడదు. ఇక్కడ మిగిలిపోయిన శాంపిల్ మందులు సంచీలో వేసుకుని వెళ్ళడం అసలే వద్దు. దానం ఇచ్చే మందులు అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది.

నా సలహా వేరే. చత్వారం కళ్ళజోళ్ళు పట్టుకెళ్ళండి. నలభై దాటిన ప్రతి మనిషికీ దగ్గరి చూపు తగ్గుతుంది. సూదిలో దారం ఎక్కించలేకపోతారు, బియ్యంలో రాయి కనబడదు. ప్లస్ ఒకటిన్నర, రెండు, రెండున్నర పవర్లలో వంద కళ్ళజోళ్ళు కొన్నా పెద్ద ఖర్చు కాదు. ముందుగా అక్కడి హెల్త్ పోస్టువాళ్ళకి చెప్పి, వాళ్ళ మనిషి పక్కన ఉండగా ఇవ్వండి. దూరపు చూపు మసకగా ఉందన్నవాళ్ళని మాత్రం ఆసుపత్రికి పంపాలి, శుక్లం కావచ్చు.

ఏలూరు కాలువ, ఏప్రిల్ 13

చాక్లెట్లు వద్దు. నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ళ కింద వేరే దేశానికి ఒక టీంతో వెళ్ళాను. వ్యాను దిగీ దిగకముందే నేనే సంచి విప్పి టాఫీలు పైకి విసిరాను. ఫోటో బాగా వస్తుందని ఎవరో అన్నారు. పిల్లలు ఒకరిమీద ఒకరు పడ్డారు. ఐదారేళ్ళ పాప చేతివేళ్ళు ఎవరి కాలికిందో నలిగాయి. ఏడవలేదు ఆ పిల్ల. రెండో చేత్తో టాఫీ గట్టిగా పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. ఆ ఫోటో నా దగ్గర ఇంకా ఉంది. ఎవరికీ చూపించలేదు.

ఏదైనా ఇవ్వాలంటే అక్కడి టీచర్ చేతికో, తల్లి చేతికో ఇవ్వండి. వాళ్ళ పిల్లలకి వాళ్ళే ఇచ్చుకుంటారు.

పలకాబలపం, ఏప్రిల్ 14

అన్నా, ఇది మా యూత్‌కి చదివి వినిపిస్తాను. ఫోటోల గురించి మాకూ గొడవ నడుస్తోంది. టిక్కెట్లకి సంఘంలో చందాలు వేసుకున్నారు, ఇచ్చినవాళ్ళు ఫోటోలు చూడాలనుకోవడం సహజమే కదా.

హిమగిరి, ఏప్రిల్ 14

కొండల ఫోటోలు, మీరు పనిచేస్తున్న ఫోటోలు చూపించండి. తీసుకుంటున్న మనిషి మొహం వద్దు. మనింట్లో ఎవరికైనా కష్టమొచ్చి పక్కింటివాళ్ళు బియ్యం తెచ్చి ఇస్తే, ఆ క్షణాన్ని ఫోటో తీసి గోడకి పెడితే మనకెలా ఉంటుంది?

ఇంకో మాట. దుప్పట్లు కావాలో వద్దో ఆ పాస్టర్‌గారిని అడిగారా? మే నెలలో దుప్పట్లేంటి?

జోబర్గ్ తెలుగోడు, ఏప్రిల్ 15

దక్షిణాఫ్రికా నుంచి రాస్తున్నా, ఐటీ ఉద్యోగం. మిషనరీలంటే తెల్లవాళ్ళు మన దగ్గరికి రావడమే మనకి తెలుసు. మన తెలుగువాళ్ళు కూడా బయటికి వెళ్ళారు. 1860 నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద మనవాళ్ళని ఇక్కడి నాటాల్‌కి ఓడల్లో తెచ్చారు. వాళ్ళ కోసం 1903లో నెల్లూరు, ఒంగోలు వైపు తెలుగు బాప్టిస్టు సంఘాలు చందాలు వేసుకుని జాన్ రంగయ్య గారిని పంపాయి. ఆయన 1915లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. కూలీల భాష ఆయన భాషే, వాళ్ళ కూడు ఆయన కూడే.

బైబిల్లో అపొస్తలుల కార్యాల చివరి అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ఓడ బద్దలై, ఊరూరా సువార్త చెప్పిన పౌలు మెలితే (ఇప్పటి మాల్టా) ద్వీపంలో పడతాడు. వానా చలీ. ఊరూ పేరూ తెలియని ద్వీపవాసులు నిప్పు రాజేసి అందర్నీ చేర్చుకుంటారు. అప్పటికి పౌలు వాళ్ళకి ఏమీ చేయలేదు, ఏమీ చెప్పలేదు. దయ ముందు అటువైపు నుంచే వచ్చింది. ఈ పరాయి దేశంలో మొదటి ఏడాది నాకు అచ్చం అలాగే జరిగింది కాబట్టి ఆ వచనాలు నాకు కంఠతా వచ్చేశాయి.

వార్డు నంబర్ ఆరు, ఏప్రిల్ 15

భాష గురించి ఒక ఉపాయం. మీ ఊళ్ళో మోమో బండి మీద గానీ, ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లో గానీ, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గానీ నేపాల్ అబ్బాయి ఉండే ఉంటాడు. యాప్‌లు కాదు, అతని దగ్గర కూర్చుని నాలుగు మాటలు నేర్చుకోండి.

పలకాబలపం, ఏప్రిల్ 22

అప్‌డేట్. పాస్టర్‌గారికి ఫోన్ చేసి దుప్పట్ల సంగతి సూటిగా అడిగాం. మొదట మొహమాటపడ్డారు. తర్వాత చెప్పారు. భూకంపం తర్వాత వచ్చిన ప్రతి టీమూ దుప్పట్లే ఇచ్చిందట, ఇంటికి నాలుగైదు ఉన్నాయట. లేనిది మనుషులు. కుర్రాళ్ళంతా ఖతర్, మలేషియా వెళ్ళిపోయారు. ముసలివాళ్ళే మిగిలారు. మేలో మొక్కజొన్న కలుపుకి చేతులు చాలడం లేదు అన్నారు.

మా టీంలో నలుగురు ఆడవాళ్ళు మిర్చి చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళే. వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "పాటలు మాకు రావు గానీ, కలుపు తీయడం మాకు నేర్పాలా" అన్నారు.

క్యాంపు మానేశాం. కళ్ళజోళ్ళు కొన్నాం. దుప్పట్లు మాత్రం అప్పటికే కొనేశాం, పదిహేను పట్టుకెళ్తున్నాం.

బ్రాడీపేటలో మేము ఎప్పుడూ తినే మోమో బండి అబ్బాయిని అడిగాం. రోల్పా జిల్లా అట. గుంటూరు వచ్చి ఏడేళ్ళయిందట. "మీదే ఊరు" అని ఇంతవరకు ఎవరూ అడగలేదట, అందరూ "ఎంత, కారం ఎక్కువ వెయ్" అనేవాళ్ళేనట. అందులో నేనూ ఉన్నాను. రోజూ రాత్రి బండి సర్దేశాక అరగంట నేర్పుతున్నాడు. దిదీ అంటే అక్క, దాయి అన్న, ఆమా అమ్మ. "ఖానా ఖానుభయో" అంటే భోంచేశారా. అక్కడ ఎవరు ఎదురైనా ముందు అదే అడుగుతారట. మా అమ్మమ్మ ఊళ్ళో కూడా అంతే కదా.

చదువరి, ఏప్రిల్ 22

టీచర్ గారూ, మంచి ప్రయాణం జరగాలి. వచ్చాక తప్పకుండా రాయండి.

పలకాబలపం, మే 26

వచ్చాం. అందరం క్షేమం. ఎండ దెబ్బకి గోరఖ్‌పూర్‌లో ఒకరికి వాంతులయ్యాయి, అంతకుమించి ఏమీ లేదు. కొంచెం వివరంగా రాస్తాను.

కాఠ్మాండూ నుంచి రెండు జీపుల్లో బయల్దేరాం. ధులిఖేల్ దాటి దోలాల్‌ఘాట్ వంతెన దాకా బాగానే ఉంది. కొండ ఎక్కడం మొదలయ్యాక సాయంత్రం ఒక్కసారిగా గాలివాన, వడగళ్ళు. మలుపులో మట్టి జారి రోడ్డు మూసుకుపోయింది. చీకటి. ఫోన్ సిగ్నల్ లేదు. జీపు పైన కట్టిన మా పదిహేను దుప్పట్లూ తడిసి ముద్దయ్యాయి.

రోడ్డు పక్కన రేకుల కప్పుతో ఒక టీ కొట్టు. తలుపు సందులోంచి వెలుగు కనిపిస్తోంది. డ్రైవర్ పిలిస్తే అరవై దాటిన ఒకామె బయటికొచ్చింది. నుదుట ఎర్రటి తిలకం, మెడలో పచ్చ పూసలు. పదకొండు మందిమి, ఇద్దరు డ్రైవర్లు. అందర్నీ ఒకసారి చూసి ఆమె అన్న మొదటి మాట: "ఖానా ఖానుభయో?"

మోమో అబ్బాయి నేర్పిన మాట. నేను జవాబు చెప్పాలి. గొంతు పెగల్లేదు.

మూడు విడతలుగా అన్నం వండింది. పప్పు, ఆకుకూర, మధ్యలో అయిపోతే మళ్ళీ పొయ్యి వెలిగించింది. మేము పుగ్యో, పుగ్యో అంటుంటే నవ్వుతూ వడ్డించింది. బల్లలు పక్కకి జరిపి నేలమీద చాపలు పరిచి, లోపలి గదిలోంచి దూది బొంతలు తెచ్చింది, సిరక్ అంటారు వాటిని. నాలుగే ఉన్నాయి. నాలుగూ మాకే ఇచ్చేసింది. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే ఆమె పొయ్యి పక్కన శాలువా కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది.

దుప్పట్లు పంచడానికి వెళ్ళినవాళ్ళం ఆమె బొంత కప్పుకుని పడుకున్నాం. జోబర్గ్ అన్న రాసిన మెలితే ద్వీపం నాకు ఆ పొయ్యి దగ్గర అర్థమైంది.

పొద్దున డబ్బులివ్వబోతే అన్నానికి తీసుకుంది, పడకకి తీసుకోలేదు. మా అయ్యగారు ఇంకా బతిమాలబోతే చేయి అడ్డం పెట్టింది. అప్పుడు ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. చేటని మోకాళ్ళ అవతలికి దూరంగా జరిపి, కళ్ళు చికిలించి చూస్తోంది. నర్సక్క మాట గుర్తొచ్చింది. రెండు రకాలు పెట్టి చూశాం, రెండున్నర సరిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని చేటలోకి చూసి, టక్కున ఒక రాయి తీసి నా అరచేతిలో పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. చిన్నపిల్లలా నవ్వుతూ ఆరు రాళ్ళు ఏరి పెట్టింది. తర్వాత లోపలికెళ్ళి వేయించిన మొక్కజొన్న గింజలు, సోయా గింజలు కలిపి సంచిలో పోసి తెచ్చింది. తీసుకోకపోతే బాగుండదని డ్రైవర్ సైగ చేశాడు. హిమగిరి అన్న చెప్పినట్టే మోచేయి పట్టుకుని తీసుకున్నాను.

ఆమె మతం ఏంటని మేము అడగలేదు. మేమెవరమని ఆమె అడిగితే మా అయ్యగారు చెప్పారు, యేసుప్రభువు నమ్మినవాళ్ళం, పై ఊళ్ళో మా స్నేహితుడి సంఘానికి వెళ్తున్నాం అని. ఓహో అంది. పాస్టర్‌గారు తన కొట్లోనే టీ తాగుతాడంది. అంతే.

కాపరికర్ర అన్నా, మీరు అడుగుతారని తెలుసు. శనివారం ఆరాధనలో పాడాం, సాక్ష్యం చెప్పాం, మనసు నిండింది. బయట ఎవరికీ కరపత్రం ఇవ్వలేదు.

ఏలూరు కాలువ, మే 26

చెల్లీ, కలుపు సంగతి రాయలేదు!

పలకాబలపం, మే 27

ఒక ముసలాయన, ఆయన భార్య. ఇద్దరు కొడుకులూ మలేషియాలో. మెట్లు మెట్లుగా ఉన్న చేను, మొక్కజొన్న మోకాలెత్తు ఉంది. కోదాలీ అని పొట్టి పార ఇచ్చారు. మా మిర్చి అక్కలు చీర కుచ్చిళ్ళు బిగించి దిగితే పక్క చేలవాళ్ళు పని ఆపి చూశారు. ఒక మెట్టు అయ్యేసరికి నేను రొప్పుతున్నాను, వాళ్ళు మూడో మెట్టు మీద ఉన్నారు. మధ్యాహ్నానికి ఊరి ఆడవాళ్ళు కూడా వచ్చి కలిశారు. భాష లేదు. మా అక్క ఒకామె మన కలుపు పాట ఎత్తుకుంది, వాళ్ళు వాళ్ళది ఎత్తుకున్నారు.

రెండు రోజుల్లో మూడిళ్ళ చేలు అయిపోయాయి. చివర్లో ఆ ముసలాయన పాస్టర్‌గారితో చాలాసేపు ఏదో గట్టిగా మాట్లాడాడు. కోపం వచ్చిందేమో అని భయపడ్డాం. విషయం ఏంటంటే, అక్కడ పర్మ అని ఒక పద్ధతి ఉంది. ఈరోజు నేను నీ చేలో చేస్తే రేపు నువ్వు నా చేలో చేయాలి, రోజుకి రోజు లెక్క. తన చేలో మేము ఒక పూటంతా చేశాం కాబట్టి ఆయన మాకు పదకొండు మంది పని బాకీ. అది ఎప్పుడు, ఏ చేలో తీర్చాలో చెప్పమంటాడు! ఉచితంగా చేశాం అని పాస్టర్‌గారు అంటే ఒప్పుకోడు. మా మిర్చి అక్కే చెప్పింది: "డిసెంబర్లో మా ఊళ్ళో కాయ కోతలు, అప్పుడు రమ్మనండి." అది విన్నాక ముసలాయన తలూపాడు, కుదుటపడ్డాడు.

గుండ్లకమ్మ, మే 27

ఆ ముసలాయనకి నా నమస్కారాలు చెప్పమను తల్లీ. ఊరికే పుచ్చుకోను అన్నాడు చూడు.

కాపరికర్ర, మే 28

సిస్టర్, రెండుసార్లు చదివాను. నేనైతే ఆ టీ కొట్టు తల్లికి సువార్త చెప్పకుండా రాలేకపోయేవాణ్ణి, ఇప్పటికీ నా మాట అదే. కానీ ఆమె పొయ్యి పక్కన కూర్చుని నిద్రపోయిందన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆమె కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

చదువరి, మే 28

నా ప్రశ్నకి జవాబు దొరికింది టీచర్ గారూ. మిగిలిన దుప్పట్లు ఏం చేశారు? మోమో అబ్బాయికి చెప్పారా ఇవన్నీ?

పలకాబలపం, మే 29

దుప్పట్లు ఆరబెట్టి పాస్టర్‌గారి దగ్గర పెట్టాం. ప్రయాణంలో చిక్కుకున్నవాళ్ళకి పనికొస్తాయని తిరుగు దారిలో ఒక ఐదు ఆ టీ కొట్టులో ఇచ్చాం. ఆమె లెక్కపెట్టి బల్ల కింద సర్దింది, తన గదిలోకి తీసుకెళ్ళలేదు.

మోమో అబ్బాయి వెళ్ళేముందు ఒకటే అడిగాడు, గుంద్రుక్ దొరికితే తెమ్మని. ఆకుకూరని పులియబెట్టి ఎండబెడతారు. కాఠ్మాండూలో అసన్ బజారులో అరకిలో కొన్నాం. నిన్న రాత్రి ఇచ్చాం. పాకెట్ విప్పి మొహానికి దగ్గరగా పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మాతో ఏమీ అనలేదు. మోమోల గిన్నె దించి పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు, ఉల్లిపాయ, టమాటా కోశాడు. బేరానికి వచ్చినవాళ్ళకి ఇవాళ్టికి అయిపోయింది అని చెప్పి పంపేశాడు. గిన్నెల్లో పోసి మాకిచ్చాడు. పుల్లగా, కొంచెం పొగ వాసనతో ఉంది. మొదటి గుక్క మింగానో లేదో అడిగాడు, తెలుగులో, "బాగుందా అక్కా?"

మీఠో ఛ, అన్నాను. ఇంకో గరిటె పోశాడు.